ఎండ్రికాయ బొమ్మ ఉన్న బోరు బండి

ఈరోజు పొద్దున కామారెడ్డి బైపాస్ పక్క హోటల్లో నా ముందు పెట్టిన చాయ్‌లో రాతిపిండి పడింది. ఎదురుగా ఎవరో ఇల్లు కడుతూ బోరు వేయిస్తున్నారు. కంప్రెషర్ ఊదిన తెల్లటి దుమ్ము రోడ్డు దాటి, హోటల్ పరదా దాటి, అన్ని కప్పులనూ వదిలేసి నా కప్పులోకే వచ్చింది. కాలిన రాయి వాసన. ఇంకెవరైనా అయితే చాయ్ పారబోసి ఇంకొకటి అడిగేవారు. నేను కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాను. సరిగ్గా అప్పుడే గోడ మీది టీవీలో అలల హోరు మొదలైంది. నల్లటి సముద్రం, తలకిందులవుతున్న పడవ, పసుపుపచ్చ కోట్లు వేసుకున్న మనుషులు, గాలికి ఊగే పెద్ద ఇనుప బోను. ముక్కులో రాతిపిండి, చెవిలో సముద్రం. ఈ రెండూ కలిస్తే నాకు ఒక్కడే గుర్తొస్తాడు. ఎల్లారెడ్డి గంగారాం సేటు. బోరు బండి యజమాని, నా యజమాని, ఆ ఎండ్రికాయలు, అంటే పీతలు పట్టే ప్రోగ్రాంకు మన జిల్లాలో మొట్టమొదటి భక్తుడు.

మీరెవరూ ఆయన్ను చూసి ఉండరు. చూసి ఉంటే మర్చిపోయేవారు కాదు. బోరు బండి నడుస్తుంటే చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు కదా, సేటు మాత్రం లింగంపేటలో కంప్రెషర్ పక్కన నిలబడి "చాయ్" అంటే ఎల్లారెడ్డిలో పొయ్యి వెలిగించేవారు. మనిషి కూడా గొంతుకు తగ్గట్టే ఉండేవాడు. ఎండాకాలం చెట్టు లేని చేన్లో ఆయన నీడలో ఇద్దరు కూలీలు కూర్చుని అన్నం తినడం నేను కళ్ళారా చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ కోతలు కోసే విద్య నాకు పుట్టుకతో వచ్చినా, దానికి ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఏ పనిలోనూ నిలిచేవాణ్ణి కాదు. ఒకరోజు ఎల్లారెడ్డి బస్టాండులో, మా తాత నిజాంసాగర్ చేపను పట్టబోతే చేపే మా తాతను పట్టుకుని బోధన్ దాకా తీసుకుపోయిన ముచ్చట చెప్తున్నాను. చుట్టూ చేరినవాళ్ళు వింటూ వింటూ కామారెడ్డి బస్సు వదిలేసుకున్నారు. వెనక నుంచి ఒక పెద్ద చెయ్యి నా భుజం మీద పడింది.

"ఏం పని చేస్తవురా?"

"ఏం లేదు సేటు."

"మాట్లాడ్తవు గదా. నాకు గదే పనున్నది. రేపటి సంది రా."

బోరు వేసే చోట మాట్లాడే ఉద్యోగమేమిటని మీకు అనుమానం రావచ్చు. బోరు వేసేటప్పుడు రైతు ముఖం ఎప్పుడైనా చూశారా? ఒక్కో రాడ్డు దిగుతుంటుంది, పైకి దుమ్మే వస్తుంటుంది, ఆ మనిషి గుండె కూడా రాడ్డుతో పాటే కిందికి దిగుతుంటుంది. గంటల తరబడి అదే పని. కొందరు గుంత దగ్గర నుంచి లేవరు, నీళ్ళు తాగరు. వాళ్ళను అక్కడి నుంచి లేపి, కొంచెం పక్కకు కూర్చోబెట్టి, రాడ్లు దిగినంతసేపూ ముచ్చట చెప్పి నవ్వించడం నా పని. ఏ బోరు బండికీ లేని మనిషి సేటు బండికి ఉన్నాడు. రాడ్లు బిగించేవాళ్ళు నన్ను చూసి పళ్ళు కొరికేవారు గానీ, సేటు వాళ్ళను కసిరేవాడు: "మీరు భూమిని తొవ్వుతరు, వాడు మనిషిని పట్టుకుంటడు. పట్టుకునుడే కష్టం."

ఎండ్రికాయల ప్రోగ్రాం ఆయన ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. ఒక సాయంత్రం రిమోట్ మీద కూర్చున్నాడనీ, లేచేసరికి ఛానల్ మారిపోయి ఉందనీ ఆయన భార్య అనసూయక్క చెప్పేది. తెరమీద మంచు, తుఫాను, చావుకు తెగించి బోన్లు లాగుతున్న మనుషులు. మాటలు మాత్రం తెలుగులో వచ్చేవి. గడ్డం నిండా మంచు పేరుకున్న అలాస్కా కెప్టెన్ నోరు విప్పితే చక్కటి కోస్తా తెలుగు.

"గీయనది ఏ ఊరుంటదిరా సాయిలూ?" అన్నాడు సేటు మొదటిరోజే.

"అలాస్కా అంట సేటు."

"అలాస్కాల ‘లాగండి, త్వరగా లాగండి’ అంటరా? ఈయనది బందరు దిక్కుంటది. మనోళ్ళు మస్కట్ పోతలేరా, ఈయన గాడికి పోయిండు బతుక."

ఆ నిర్ణయానికి తిరుగులేదు. ఇక ప్రోగ్రాం వచ్చే సాయంత్రాలు బండి కదిలేది కాదు. సేటు మంచం మీద, నేను కింద, సేలం దిక్కు నుంచి వచ్చిన డ్రిల్లర్ సెల్వం గుమ్మంలో. కెప్టెన్ వాటిని పీతలు అంటే, సేటు ప్రతిసారీ "ఎండ్రికాయలు" అని సరిదిద్దేవాడు. తన సీరియల్ పోయిన అనసూయక్క వంటింట్లో గిన్నెలతో మాట్లాడేది. ఒకరోజు ఆపుకోలేక బయటికొచ్చి అడిగింది: "గా ఎండ్రికాయనే చేసుకోకపోయినవా, నన్నెందుకు చేసుకున్నవు?" సేటు తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా, "అప్పుడు టీవీ లేకుండె" అన్నాడు. ఆ రాత్రి మా ముగ్గురికీ అన్నం లేదు.

ఆయనను కట్టిపడేసింది ఎండ్రికాయలు కాదు, ఆ పని. "చూడురా," అనేవాడు. "కింద ఏమున్నదో వానికి కనవడది, మనకు కనవడది. వాడు బోనేస్తడు, మనం రాడ్డేస్తం. వస్తె లచ్మి, రాకపోతె దుమ్ము. వానికి మనకు ఫరకేంది?"

"వానికి చలి, మనకు ఎండ సేటు."

"గంతే!"

కానీ ఒక్క సంగతి ఆయనకు చివరిదాకా మింగుడుపడలేదు. మాచారెడ్డి పక్క మెట్ట ఊళ్ళో పుట్టినవాడు, బిందెడు నీళ్ళకు మైలు నడిచిన తల్లి కొడుకు. "గన్ని నీళ్ళల్ల నిలబడి ఎండ్రికాయలు ఏరుకునుడేందిరా!" అని ప్రతి వారం బాధపడేవాడు. ఉప్పునీళ్ళు సేటూ అంటే, "ఉప్పైతేంది, ముందు రానియ్యి, తర్వాత చూస్తం" అనేవాడు.

కొన్నాళ్ళకు తానే కెప్టెన్ అయ్యాడు. బోరు బండి పక్కన ఎండ్రికాయ బొమ్మ వేయించాడు. ఎల్లారెడ్డి పెయింటర్ బాగా ఆలోచించి, ఎందుకైనా మంచిదని దానికో తోక కూడా పెట్టాడు. దాంతో ఊరూరా మాది "తేలు బండి" అయింది. రాజంపేటలో ఒకాయన తేలు కుట్టిన కొడుకును ఎత్తుకుని పరుగెత్తుకొచ్చి, మంత్రం వేయమని సేటు కాళ్ళ మీద పడ్డాడు. సేటు బొమ్మ గురించి వాదించలేదు. నడుస్తున్న బోరు ఆపించి, తండ్రీ కొడుకులను జీపులో వేసుకుని దవాఖానకు తీసుకుపోయాడు. తిరిగొచ్చాక మాత్రం పెయింటర్‌కు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

తర్వాత పసుపుపచ్చ కోట్లు వచ్చాయి. మే నెల. వానకోట్లు తొడుక్కుని మేము మాచారెడ్డి దిక్కు ఒక ఊళ్ళో దిగితే, ఏదో కొత్త రోగమొచ్చి సర్కారువాళ్ళు వచ్చారనుకుని జనం తలుపులేసుకున్నారు. మధ్యాహ్నానికి సెల్వం కోటు చేతుల్లోంచి ధారలు కారి కింద తెల్లటి దుమ్ము తడిసింది. "పడ్డయి! పడ్డయి!" అని నేను ఎగిరాను. రైతు దండం పెట్టబోయాడు. సేటు ఇద్దరినీ ఆగమని, ఆ తడి పిండిని అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూశాడు.

"చెమట," అన్నాడు. "నీళ్ళు గాదు."

ఆరోజే నన్ను బండి వెనక్కి తీసుకుపోయి, మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు. అంత పెద్ద గొంతు మెల్లిగా మాట్లాడితే భయమేస్తుంది. "సాయిలూ, ఎండ్రికాయల మీద ఎన్ని కోతలన్న కొయ్యి. బండెద్దంత ఉన్నదను, బస్సును గుంజుకపోయిందను, నేనే సాక్షి అంట. నీళ్ళ మీద మాత్రం ఒక్కటి కొయ్యకు. నీళ్ళ మీద కోస్తె మనిషి తెగుతడు."

ఆ మాట ఎంత బరువైందో లింగంపేట దగ్గర బాలవ్వ చేన్లో తెలిసింది.

బాలవ్వ ఇంట్లో బీడీలు చుడుతూ, ఒంటరిగా రెండెకరాలు చూసుకునే మనిషి. భర్త పోశెట్టి మస్కట్‌లో మేస్త్రీ పని. అంతకుముందు ఏడాది ఎవరో బోరు వేసి, అందులో ఏమీ రాకపోయినా, ఫోన్లో పోశెట్టికి "రెండించుల నీళ్ళు పడ్డయి" అని చెప్పారు. పాపం పోశెట్టి ఉద్యోగం వదిలేసి, కొత్త మోటరు కొనుక్కుని మరీ దిగాడు. చూస్తే చేన్లో దుమ్ము. మళ్ళీ వీసాకు పైసలు కట్టుకుని పోయాడు. ఆ మోటరు కొట్టంలో అట్టపెట్టెలోనే ఉంది, దాని మీద ఒక కోడి పొదిగింది. ఈసారి పోశెట్టి ఖరాఖండీగా చెప్పాడు. నీళ్ళు పడితే తిరిగొచ్చేస్తాడు, ఇక పోడు. పడకపోతే ఇంకో రెండేళ్ళకు సంతకం పెడతాడు. సాయంత్రం ఫోన్ చేస్తానన్నాడు.

పొద్దున సేటు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. మన దగ్గర పాయింటు చూసేది అట్లాగే కదా, కాయ ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ నీళ్ళున్నట్టు. కాయ లేచింది. బోరు దిగింది. దుమ్ము.  నేను చెప్తున్న ముచ్చట సగంలో ఉండగానే బాలవ్వ "మల్లేమైంది?" అని అడగడం మానేసింది.

సేటు బండి పక్కన కూర్చుని కాయ వైపు కోపంగా చూశాడు. "ఇది చెట్టు మీద పుట్టింది," అన్నాడు చివరికి. "దీనికేమెర్క భూమిల ముచ్చట? నీళ్ళల్ల పుట్టి నీళ్ళల్ల పెరిగినదాన్ని అడగాలె. దూపైతె అది యాడికి పోతదో గాడ నీళ్ళుంటయి." జీపు పోచారం చెరువు వైపు పరుగెత్తింది. గంటన్నరలో గోనెసంచిలో ఒక ఎండ్రికాయ వచ్చింది.

సెల్వం తల పట్టుకున్నాడు. "సేటు, మా ఊర్ల దీన్ని కుళంబు, పులుసు పెడతరు. పాయింటు చూడరు."

"గందుకే మీ ఊరిడిసిపెట్టి మా ఊరికొచ్చినవు."

అప్పటికి ఊరంతా చేను చుట్టూ గెట్ల మీద నిలబడింది. సేటు ఎండ్రికాయను చేను నడుమ వదిలాడు. అది కాసేపు ఆలోచించి, అడ్డంగా నడుస్తూ నేరుగా సేటు కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. సేటు పక్కకు జరిగాడు. అదీ జరిగింది. సేటు ఇంకో పది అడుగులేశాడు. అదీ వేసింది. చెప్పాను కదా, ఆ చేన్లో ఉన్న నీడంతా ఆయనదే. "సేటూ, నీళ్ళు నీ కడుపులనే ఉన్నయట!" అని గెట్టు మీది నుంచి ఎవరో అరిచారు. పొద్దున్నుంచి ముఖం ముడుచుకున్న బాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

సేటు పంతం పట్టి జీపెక్కి కూర్చున్నాడు. నీడ పోయిన ఎండ్రికాయ చుట్టూ చూసుకుని, ఈసారి గబగబా నడిచి బాలవ్వ తాగునీళ్ళ బిందె కింద దూరింది.

"గదే పాయింటు!" జీపులోంచి ఉరుము.

"గది నా బిందె కారిన తడి సేటూ," అంది బాలవ్వ.

"తడేడున్నదో కనిపెట్టిందా లేదా? కొబ్బరికాయ కనిపెట్టిందా?"

 బిందె జరిపి బోరు దించారు. నేను బాలవ్వను పక్కన కూర్చోబెట్టి, వరుసగా ఖాళీ బోన్లే వచ్చిన కెప్టెన్ ముచ్చట చెప్పాను. ఆమె మళ్ళీ "మల్లేమైంది?" అని అడిగింది. ఆఖరి బోను పైకి లేచేచోట నేను గొంతు పెంచాను, చేతులు చాపాను. వెనక కంప్రెషర్ ఆగిపోయింది. సేటు గుంత దగ్గర వంగి పిండిని అరచేతిలో రుద్దుతున్నాడు. లేచి బాలవ్వ దగ్గరికి తానే నడిచొచ్చాడు.

"రాలే బిడ్డా. ఎండ్రికాయకు గూడ తెల్వది."

అదే సమయానికి బాలవ్వ చేతిలో ఫోన్ మోగింది. పోశెట్టి. ఆమె దాన్ని ఎత్తలేదు, నా చేతిలో పెట్టింది.

"సాయిలన్నా, నీకు మంచిగ చెప్పొస్తది. రెండించులు వద్దు. ఒక్క ఇంచు చెప్పు." గొంతు ఇంకా తగ్గించింది. "అర ఇంచు చెప్పన్నా. వచ్చినంక నేను చూస్కుంట. కొట్లాడినా ఇంట్లుండి కొట్లాడుతడు గదా."

అంత చిన్న అబద్ధం నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చేపల మీద కొండలంత కోసినవాణ్ణి, అర ఇంచు ఎంత? బటన్ నొక్కాను. నోరు తెరిచాను. నా చేతిలోంచి ఫోన్ పైకి లేచిపోయింది. సేటు దాన్ని చెవికి ఆనించుకోలేదు, స్పీకర్ నొక్కి మూతి ముందు పెట్టుకున్నాడు. అవతలి గొంతు అందరికీ వినబడింది.

"పడ్డయా?"

"పడలే పోశెట్టి. నేను గంగారాంను. రెండేసినం. దుమ్మే."

 మస్కట్ నుంచి మెల్లిగా నవ్వు లాంటిది వినిపించింది. "అందరు పడ్డయనే అంటరు సేటు. పడలేదని చెప్పినోనివి నువ్వొక్కనివే." నవ్వు ఆపి, "మరి నన్నేం చెయ్యమంటవు?" అన్నాడు.

"నీళ్ళ కోసమైతె రాకు," అన్నాడు సేటు. "నీ పెండ్లాం కోసమైతె రా. నాతాన నోరు గల్లోడు ఒకడున్నడు, వానితోని అర ఇంచు అబద్ధం చెప్పియ్యాలని చూసింది. గంత అక్కెరుంది నీతోని."

"సేటూ!" అని బాలవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. గెట్ల మీద జనం ఆకాశంలో ఏదో ఉన్నట్టు పైకి చూశారు.

పోశెట్టి గొంతు ఈసారి వేరేగా ఉంది. "ఆమెకియ్యి ఫోను," అన్నాడు. ఆమె దాన్ని తీసుకుని మోటరున్న కొట్టం వెనక్కి వెళ్ళిపోయింది. పొద్దు గుంకినా రాలేదు. మేము రాడ్లు సర్దుకున్నాం. సేటు ఎండ్రికాయను మళ్ళీ గోనెసంచిలో వేసుకుని, పోతూ పోతూ పోచారంలో వదిలిపెట్టాడు. "పో," అన్నాడు దానితో. "నీ తప్పేం లేదు. నేనే ఒగలి పని ఒగలికి చెప్పిన."

పోశెట్టి బతుకమ్మ పండుగకు ముందే దిగాడు. ఎల్లారెడ్డిలో మేస్త్రీ పని చేసుకుంటాడు, వానాకాలం మక్కజొన్న వేస్తాడు. ఆ చేన్లో ఇప్పటికీ నీళ్ళున్న బోరు లేదు. భార్యాభర్తలు ఇంట్లో ఉండే కొట్లాడుకుంటారని వాళ్ళ పక్కింటివాళ్ళు నాతో విసుక్కుంటూ చెప్పారు. మోటరును ఎవరికో ఇచ్చేద్దామంటే బాలవ్వ ఒప్పుకోలేదట. కోడికి అలవాటైందని.

సేటును ఒక్కసారి సముద్రం దగ్గరికి నేనే తీసుకుపోయాను. బందరు పోదామని ఆయనే అన్నాడు, కెప్టెన్ ఊరు చూడాలని.  ఒడ్డు చేరగానే పంచె ఎగ్గట్టి మోకాళ్ళ దాకా దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. తుపుక్కున ఉమ్మాడు. "చూసినవారా సాయిలూ," అన్నాడు, "దేవుడేసిన బోరు గూడ ఫెయిలే." ఆ తర్వాత ఆయనకు తన ఫెయిలైన బోర్ల గురించి అంత దిగులు ఉండేది కాదు. వలలు సర్దుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "ఏ ఊరండీ మీది?" అని అడిగాడు. అచ్చం టీవీ కెప్టెన్ గొంతే. సేటు మోచేత్తో నా డొక్కలో పొడిచాడు. "నేనన్ననా లేదా?" బస్సెక్కేదాకా ఆ ముసలాయనను వదల్లేదు. అలాస్కా నుంచి ఎప్పుడొచ్చారని రెండుసార్లు అడిగాడు.

సేటు పోయి కొన్నేళ్ళయింది. నిద్రలోనే పోయాడు. బండి ఎవరో కొనుక్కున్నారు. తోక ఉన్న ఎండ్రికాయ ఇంకా దాని మీదే ఉందని విన్నాను. అనసూయక్కను చూడడానికి ఎల్లారెడ్డి వెళ్తే, టీవీలో ఆ ప్రోగ్రామే నడుస్తోంది. సీరియల్ పెట్టుకోలేదేమక్కా అన్నాను. "గా కెప్టెన్‌కు ఈసారి బోన్లన్ని ఖాళీ వస్తున్నయి సాయిలూ," అంది కళ్ళు తిప్పకుండా. "జర కూసో, చూద్దాం."

ఇప్పుడు నేను కామారెడ్డిలో నలుగురికి బోర్లు వేయించే మనిషిని. పొద్దున హోటల్లో నా చాయ్ పూర్తి కాకముందే, ఎదురింటి యజమాని తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా మారి లోపలికొచ్చాడు. "అన్నా, నీకెర్కేనట గద, జెర వచ్చి చూడరాదు? తడి తగిలిందని వాళ్ళంటున్నరు." ఆయన వెనకే ఆయన భార్య గుమ్మంలో నిలబడి నా నోటి వైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

రోడ్డు దాటి వెళ్ళాను. గుంత దగ్గర వంగి, పిండిని అరచేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూశాను. వెచ్చగా ఉంది, పొడిగా ఉంది. నాలుక చివర మంచి మాటలు ఎన్నో వరుసలో నిలబడ్డాయి. నా నాలుకకు ఎప్పుడూ అదే జబ్బు.

"ఇంకా రాలేదమ్మా," అన్నాను ఆమెతో. "ఇది ఉత్త పిండే."

ఆమె ముఖం వాడింది. రాడ్డు మళ్ళీ దిగడం మొదలైంది. నేను రెండు ఇటుకలు ఈడ్చి, ఆమెను కొంచెం దూరంగా కూర్చోబెట్టాను. "అలాస్కా అని ఒక ఊరుంది, విన్నవా బిడ్డా?" అన్నాను. "అక్కడి ఎండ్రికాయ ఒకటి మన కామారెడ్డి రైల్వే స్టేషనంత ఉంటది. నేను కళ్ళారా చూసిన."